సీల లేని రందా

నేను కోడలుగ ఆ ఇంట్ల అడుగు పెట్టిన నాడు నన్ను మొదలు సూసింది మనుషులు గాదు, రందాలు. వాకిలి పక్క కొట్టంల గోడకు పొడుగు బల్ల కొట్టి ఉండె. దాని మీద పదో పన్నెండో రందాలు వరుసగ నోర్లు తెరుసుకొని కూసున్నయి. ఓయమ్మో, ఇదేం ఇల్లురా దేవుడా అనుకున్న.

రందా అంటే తెల్వనోళ్లకు చెప్త. వడ్లోళ్లు చెక్కను చిత్రిక పట్టి నున్నగ చేసే పనిముట్టు అది. మూరెడు కొయ్య దిమ్మె, నడుమ తొలిసిన నోరు, ఆ నోట్ల ఏటవాలుగ ఒక ఇనుప కత్తి. ఆ కత్తి కదలకుంట ఒక చెక్క సీల కొట్టి బిగిస్తరు. సీల లేకపోతే కత్తి నిలవదు, కత్తి నిలవకపోతే అది ఉత్త కొయ్య. మా మామ కొట్టంల ఆ బల్ల మీదున్న రందాలకు ఒక్కదానికన్న సీల లేకుండె.

ఎందుకు లేవో నాకు తెలుసు. నేనూ వడ్లోళ్ల బిడ్డనే, మా తల్లిగారిది కందుకూరు. మా దిక్కు వడ్లాయన సచ్చిపోతే, శవాన్ని ఎత్తే ముందట ఆయన రందా నుంచి సీల ఊడదీసి, కుడి గుప్పిట్ల పెట్టి, వేళ్లు ముడిచి మట్టికి పంపుతరు. పని అయిపోయింది, ఇగ విడువు అని చెప్పినట్టు. బతికున్నోడు కష్టమొచ్చి రందా అమ్ముకుంటే సీలతోనే అమ్ముతడు. సీల లేని రందా బజారుకొచ్చిందంటే దాన్ని పట్టిన చెయ్యి మన్నుల ఉన్నట్టే. ఆ బల్ల మీద కూసున్నయన్ని సచ్చిపోయినోళ్ల రందాలే. నేను ఆ కొట్టం పక్కనే పొయ్యి ముట్టించి బువ్వ వండాలె.

గిదంత నైజాం సర్కారు కాలం ముచ్చట, రజాకార్ల లొల్లి ఇంక మా దిక్కు రాకముందు. మా ఊరి పేరుల పట్నం ఉన్నది గాని, పట్నమంటే మాకు హైదరాబాదే. అక్కడ జుమేరాత్ బజార్ల పాత సామాన్లు కొని ఊర్లు తిప్పే ఒక ముసలి సాయబు ఉండె. మేం ఆయన్ని చాచా అనేటోళ్లం. నెలకొకసారి బొంగులూరు మీదికెళ్లి ఎద్దుబండి తోలుకొని వచ్చి, గోనె సంచి మా వాకిట్ల కుమ్మరించేటోడు. తుప్పు పట్టిన కత్తులు, చెదలు తిన్న దిమ్మెలు, అడుగు అరిగి వంకర పోయినయి. మా మామ వాటిని బాగు చేసి రావిర్యాల, కందుకూరు దిక్కు వడ్లోళ్లకు ఇచ్చేటోడు. ఆయన చేతుల పడ్డ రందా ఉల్లిపొర లెక్క పొట్టు తీస్తదని అందరికి నమ్మకం.

గాని నా పెండ్లయిన రెండేండ్లకు ఆయన కండ్లకు పొరలొచ్చినయి. దవాఖానకు పొమ్మంటే పోలె. మెల్లమెల్లగ కనవడుడు బందే అయింది. అత్త నేను వచ్చిన ఏడాదికే పోయింది. మా ఇంటాయన, అంటే ఆయన ఒక్కగానొక్క కొడుకు, పట్నంల ఒక కార్ఖానల మేజాలు, కుర్చీలు చేసే పని దొరికిందని రందా సంచిల వేసుకొని పోయిండు. దసరాకు వస్తనన్నోడు రాలె. మూడు దసరాలు పోయినయి. ఒక కబురు లేదు, ఒక చిట్టి లేదు. మనిషిని తోలి అడిగిపిద్దామంటే ఏ కార్ఖాననో కూడ మాకు తెల్వదు.

ఊరోళ్ల నోర్లు ఊకుంటయా? ఒకామె "ఇంకొకతెను పెట్టుకున్నడేమో" అనేది. ఇంకొకామె నా బొట్టు దిక్కు సూసి ఏమనకపోయేది. ఆ ఏమననామె మీదనే నాకు ఎక్కువ మండేది. నేను ముత్తైదువనా, కాదా? గది నాకు తెల్వాలె. ఆయన నన్ను ఏలుకోకపోయినా మానె, ఉన్నడా లేడా అన్నదొక్కటి తెలిస్తే సాలనుకునేదాన్ని.

ఆడోళ్లు పనిముట్లు ముట్టరాదు, దాటరాదు అనే ఇల్లు మాది. మామ కండ్లు పోయినంక గా మాటలన్ని గంగల కలిసినయి. నా కండ్లు, ఆయన చేతులు కలిస్తేనే ఒక పనిమంతుడు. చింతపండు, బూడిద కలిపి కత్తుల తుప్పు నేనే రుద్దేదాన్ని. సానరాయి మీద నూరేదాన్ని. బండ మీద ఇసుక పోసి, నీళ్లు సల్లి, రందా అడుగు సమానమయ్యేదాక దిమ్మెను రుద్దేదాన్ని. నా గాజుల సప్పుడు పట్టి నేను యాడున్ననో మామ కనుక్కునేటోడు. జరంత సేపు సప్పుడు లేకపోతే "యాడున్నవు బిడ్డా?" అని గాబరా పడేటోడు. నేను చెయ్యి ఊపి గల్లుమనిపిస్తే మల్ల పనిల పడేటోడు.

కొత్తగ వచ్చిన రందాను మామ ముందుగాల ఒడిల పెట్టుకునేటోడు. పెయ్యంత తడిమి, అడుగును చెంపకు ఆనిచ్చి, కొంచెం సేపు ఊపిరి బిగబట్టేటోడు. "ఈయన ఎడమచెయ్యి వాటమోడు" అనేటోడు. "ఈయన కోపిష్టి, సూడు, కత్తి సదురుటానికి వెనుక ఎంత గట్టిగ కొట్టిండో." ఒకసారి తడుముకుంట తడుముకుంట చెయ్యి ఆపి, "ఆఖరు దినాల ఈయన చెయ్యి వణికింది బిడ్డా" అన్నడు. ఎట్ల తెలుసు మామా అంటే, "అరిగిన కాడ తెలుస్తది" అన్నడు.

కొత్త సీల చెక్కుడు మాత్రం ఆయన ఎవరికి ఇయ్యకపోయేది. దానికి తుమ్మ చెక్కనే కావాలె, అదీ మూడు ఎండకాలాలు అటక మీద ఎండింది. అటక ఎక్కి చెక్క దించి ఇచ్చుడు నా పని. పచ్చి కొయ్యతోని సీల చేసినోడు వడ్లోడే గాదనేటోడు. "పచ్చిది ఎండితే గుంజుకుంటది, గుంజుకుంటే ఊడి పడ్తది, మనిషి ఇజ్జత్ తీస్తది" అని నా చెవులు చిల్లులు పడేటట్టు చెప్పిండు.

సీల బిగిసినంక ఒక తంతు ఉండేది. ఆ రందా తీసిన మొదటి పొట్టును కింద పడనియ్యొద్దు. పొయ్యిల వేసి "నీది నీకు, పని నాకు" అనాలె. గట్ల అనకుంట వాడితే, పని చేసేటప్పుడు వెనుక ఎవరో నిలవడ్డట్టు ఉంటదట. నవ్వకుండ్రి. నేను ఒకసారి మరిచిపోయిన. ఆ పొద్దంత నా మెడ మీద ఎవరిదో ఊపిరి తగిలింది. ఉరికొచ్చి పొట్టు ఏరి పొయ్యిల వేసి, దండం పెట్టి, రెండు సార్లు అన్న.

మా ఇంటాయన పట్నం పోయినంక నాలుగో ఎండకాలం, మా అన్న కొడుకు పురుడుకు కందుకూరు పోయిన. మామకు బువ్వ పెట్టుమని పక్కింటామెకు చెప్పిన. నాలుగు దినాలకు తిరిగొస్తే, మామ గడప మీద కూసున్నడు. నా గాజులు వినంగనే మొకం లేపి, "వచ్చినవా? ఇది ఎవరిదో సూడు" అని ఒడిల ఉన్న రందా ముందటికి జరిపిండు.

సూడంగనే గుర్తువట్టిన. పక్కకు కాల్చిన మూడు సుక్కలు. బొటనవేలు ఆనే కాడ లోతు పల్లం. మా ఇంటాయన కుడి బొటనవేలు చిన్నప్పుడు ఇరిగి వంకరగ అతికింది, ఇంకెవరి వేలూ ఆ పల్లంల కూసోదు. ఆయన పోయే నాడు ఆ రందాకు ఆముదం పూసి ఇచ్చిందే నేను.

"నిన్న చాచా తెచ్చిండు" అన్నడు మామ. "సీల సూడు బిడ్డా. సీల ఉన్నది. వాడు బతికే ఉన్నడు."

సూసిన. నల్లగ, జిడ్డుగ, పాత సీల. కత్తిని గట్టిగ పట్టుకొని ఉన్నది. నేను ముందు ఏడ్చిన. ఏడ్చుడు ఆగినంక నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. రందాను మొకం ముందట పెట్టుకొని తిట్టిన. "బతికుండి రందా అమ్ముకుంటవా? ఇంటికి తొవ్వ మరిచినవా? బొంగులూరు దాటితే మనూరే గాదా? రా, నీ సంగతి చెప్త!" మామ నవ్వుతడనుకున్న, నవ్వలె. ఆయన చేతుల నిండ గీతలు, నెత్తురు ఎండి ఉన్నయి. ఏమైందంటే కంపల పడ్డనన్నడు. పసుపు అద్దిన.

"వాడొచ్చేదాక దీన్ని పనికి పెట్టొద్దు. బతికున్నోని సొమ్ము" అన్నడు. తీసుకపోయి బల్ల చివర్ల పెట్టిన. అన్ని నోర్లు తెరుసుకొని ఉన్న కాడ ఇదొక్కటే నోరు మూసుకొని ఉన్నది. నాకు ఆ నాడు ఎంత ధైర్యమైందో.

పది దినాలు గడిచినయి. ఒక నడిపగలు, ఎండకు ఊరంత తలుపులేసుకున్న యాళ్ల, కొట్టంల "టక్" అని సప్పుడయింది. పోయి సూస్తే ఆయన రందా సీల కింద పడి ఉన్నది. పిల్లి లేదు, ఎలుక లేదు, గాలి లేదు. మామ పరుగున వచ్చిండు, కండ్లున్నోని లెక్క. నేలంత దేవులాడి, సీల దొరకబట్టి, సుత్తెతోని కొట్టి బిగించిండు. "ఊకె పడ్డది, దాన్ని పట్టించుకోకు" అన్నడు.

తెల్లారి మల్ల అదే యాళ్లకు, టక్. మూడోనాడు మల్ల. నాలుగోనాడు పక్కింటామె నిప్పు కోసం వచ్చి నిలవడ్డది. ఆమె కండ్ల ముందటనే, ఎవరు ముట్టకుంట, సీల నోట్ల నుంచి జారి పడ్డది. ఆమె నిప్పు ఆడనే పారేసి పోయింది. ఆ నాటి నుంచి మా వాకిట్లకు ఎవరు రాలె. ఆ ఇంట్ల పట్టపగలే దయ్యం తిరుగుతుందని ఊరంత చెప్పుకున్నరు.

నాకు భయం గాలె అంటే అబద్ధం. ఆ సప్పుడు కాంగనే బల్ల మీది మిగతా రందాలన్ని నా దిక్కు మర్లినట్టు ఉండేది. గాని నా భయంల ఆశ కలిసి ఉండె. దయ్యం గాదు, నా మొగడు పిలుస్తుండు అనుకున్న. దినాం టక్ మనంగనే ఎండల ఉరికి బాట మీద నిలవడి బొంగులూరు దిక్కు సూసేదాన్ని. ఇంకొక మనిషికి బువ్వ ఎక్కువ వండేదాన్ని. "మామా, వస్తుండు గదనే?" అని అడిగితే, ఆయన మొకం తిప్పుకొని "ఎండల నిలవడకు బిడ్డా" అనేటోడు. బువ్వ సగంల ఇడిసి లేసేటోడు. దినదినం సన్నగయిండు. కొడుకు మీద బెంగ అనుకున్న.

ఒకనాడు మామ వాకిట్ల నడుం వాల్చిండు. సీల పడంగనే నేనే తీసిన. చేతిల పట్టంగనే ఏదో తేడా కొట్టింది. తేలికగ ఉన్నది. కొసకు సన్నగ పగుళ్లు. సుత్తె దెబ్బలకు పై నలుపు రాలిన కాడ లోపల తెల్లగ ఉన్నది. గోటితోని గీకి వాసన సూసిన. మా దీపం మసి, మా ఆముదం, వాటి కింద పచ్చి తుమ్మ. రందా నోట్ల పెట్టి సూస్తే రెండు దిక్కుల గోరు పట్టే సందు.

పాత సీల గుంజుకోదు. ఏండ్ల కొద్ది ఆ నోట్ల ఉన్నది ఎప్పుడో ఎండి గట్టిపడ్తది. గుంజుకుంటున్నదంటే కొత్తది. పచ్చిది. మామ చెప్పిన మాటలే నా చెవుల మోగినయి.

ఇంటెనుక తుమ్మ చెట్టు కాడికి పోయిన. ముసలోని భుజమంత ఎత్తుల ఒక కొమ్మ నరికి ఉన్నది. ఒక్క దెబ్బ సక్కగ లేదు. చుట్టూర బెరడుకు ఏడెనిమిది దెబ్బలు తప్పి పడ్డయి. వాటి నుంచి బంక కారి గడ్డకట్టింది. ఎండిన చెక్క అటక మీద ఉన్నది, ఆయన ఎక్కలేడు. ఎవరినన్న దించుమంటే ఎందుకని అడుగుతరు. నేను వచ్చేలోపల సీల కావాలె. నలభై ఏండ్లు పచ్చి కొయ్యను ముట్టని మనిషి, కండ్లు లేనోడు, ముండ్ల చెట్టును కావలించుకొని కొమ్మ నరికిండు. ఆయన చేతుల గీతలు అప్పుడు నాకు అర్థమైనయి.

అయినా మనసు ఊకుంటదా? అసలు సీల సంచిల ఊడి పడి పోయిందేమో, మామ తొందరపడి భయపడ్డడేమో అని ఇంకొక దారి వెతికింది. చాచా వచ్చే నాడు బండి ఇంటికి రాకముందే ఊరి మొగదల అడ్డం తిరిగిన. "చాచా, మా ఇంటాయన రందా నువ్వు తెచ్చిన నాడు దానికి సీల ఉన్నదా?" అని అడిగిన.

ముసలాయన పగ్గాలు ఇడిసిండు. "చెప్పొద్దని నీ మామ నా రెండు చేతులు పట్టుకున్నడు బేటీ" అన్నడు. నేను బండి ముందట నుంచి కదలలె. ఆఖరికి చెప్పిండు. కార్ఖానల జ్వరాలొచ్చినయట. అదీ ఇప్పుడు గాదు, పోయిన వానకాలంల. ఊరేదో తెల్వక కబురు పంపలేదట. "ఆ రందా నాకు తెచ్చి ఇచ్చినోడు ఆయనతోటి పనోడే. సీల తీసి గుప్పిట్ల పెట్టినం, మంచిగనే సాగనంపినం అని కండ్లనీళ్లు పెట్టుకున్నడు. నీ మనిషి దిక్కులేకుంట పోలె బేటీ. ఫికర్ చెయ్యకు."

ఫికర్ చెయ్యకట! నేను నా గాజుల దిక్కు సూసుకున్న. ఏడాది పొంటి నేను సచ్చిపోయినాయన పేరు మీద బొట్టు పెట్టుకున్న, తిట్టిన, బువ్వ వండిన. ఇంటికి పోయి ఆ ముసలోన్ని కడిగేద్దామని దబదబ నడిచిన. నా కొంప ముంచే మాట నాకు చెప్పకుంట దాస్తవా అని అడుగుదామని. గడప కాడికి పోంగనే, ఆయన మొకం లేపి, "వచ్చినవా బిడ్డా? ఇంత సేపు గాజుల సప్పుడు లేదు, భయపడ్డ" అన్నడు. చెయ్యి ఊపి గల్లుమనిపించిన.

తెల్లారి అటక ఎక్కి ఎండిన తుమ్మ దించిన. సీల చెక్కుడు నాకు కొత్త. రెండు చెక్కలు ఆగమైనయి, మూడోది కుదిరింది. మా ఇంటాయన రందా కత్తిని సాన మీద పెట్టి, చేతి వెంట్రుక తెగేదాక నూరిన. సీల పెట్టి నాలుగు దెబ్బలేసి బిగించిన. పచ్చి సీలను పసుపు డబ్బిల దాచిన.

నడిపగలయింది. మామ కొట్టంల గోడకు ఆనుకొని, మొకం బల్ల దిక్కు పెట్టి, ఆ సప్పుడు కోసం కూసున్నడు. సప్పుడు కాలె. ఊరంత గప్‌చుప్. నేను పొయ్యి కాడ టేకు ముక్క మీద ఆ రందాను ఒక్కసారి నడిపిన. సర్రుమని పొట్టు లేసింది, ఈ కొస నుంచి ఆ కొస దాక తెగకుంట. దాన్ని పొయ్యిల వేసిన. కాలిన వాసన కొట్టంలకు పోయింది.

"నీది నీకు" అన్న. అంతే. ఇంక రెండు మాటలు ఉన్నయి, రాలేదు. అవి కూడ అంటే ఆయన పోయినట్టే.

కొట్టంల నుంచి మామ గొంతు వినవడ్డది. "పని మాకు" అన్నడు.

పొయ్యిల పొట్టు కాలి బూడిదయింది. తర్వాత "బువ్వ పెట్టు బిడ్డా" అన్నడు. పెట్టిన. ఆ నాడు ఇడువకుంట తిన్నడు. చెయ్యి కడుక్కొని, రందా తెమ్మని, నేను చెక్కిన సీలను వేళ్లతోని తడిమిండు. "నీ చెయ్యి జర కుడికి వాలుతది. అయినా మంచిగనే కుదిరింది" అన్నడు. రందా నా చేతికిచ్చి, "గాజులు ఇప్పుడే తియ్యకు. నేను పోయేదాక ఉండనియ్యి. అవి లేకపోతే నాకు ఇల్లు తెల్వది" అన్నడు. సరే అన్న. మల్ల ఆ ముచ్చట మేమిద్దరం ఎన్నడు తియ్యలె.

రెండు వానకాలాలు గడిచినయి. ఊరు నన్ను మొగడు ఇడిసిపోయినదనే అనుకున్నది, అనుకోనిచ్చిన. ఒక పొద్దున మామను లేపబోతే లేవలె. వాకిట్ల పండబెట్టినం. మా వడ్లోళ్ల పెద్దమనిషి మామ రందా నుంచి సీల ఊడదీసి, కుడి గుప్పిట్ల పెట్టి వేళ్లు ముడిచిండు. ఆడోళ్లు ఏడుస్తున్నరు. నేను లోపలికి పోయి, పసుపు డబ్బిలకెళ్లి ఆ పచ్చి సీలను తెచ్చిన. అప్పటికి అది పూర్తిగ ఎండి, పగుళ్లిచ్చి సన్నబడ్డది. మామ పక్కన కూసొని ఎడమ గుప్పిట తెరిచి అందుల పెట్టిన.

"ఒక మనిషికి రెండు సీలలా? ఎవరిదమ్మా గది?" అని పెద్దమనిషి అడిగిండు.

"మా ఇంటాయనది" అన్న. "మామనే చెక్కిండు."

ఆడోళ్ల ఏడుపు ఒక్కసారిగ ఆగింది. పక్కింటామె నా నుదురు దిక్కు సూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. తర్వాత ఏడుపు మల్ల మొదటి నుంచి లేసింది. నేను మామ ఎడమచేతి వేళ్లను ఒక్కొక్కటి ముడిచిన. చిటికెన వేలు మీద ముల్లు గీసిన గీత ఇంక ఉండె. అయిపోయినంక గాజులు తీసిన. వాటి సప్పుడు వినేటోళ్లు ఇగ ఆ ఇంట్ల ఎవరు లేకుండె.